రిగ్ ఊళ్ళో, మనం బెంగళూరులో

పోయిన నెల ఈ శీర్షికలో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సొంతంగా నడుపుకునే అమెచ్యూర్ రేడియో) గురించి నాలుగు ముక్కలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: అపార్ట్‌మెంట్లో యాంటెన్నా కట్టే దారి లేదు, ఊళ్ళో ఇల్లుంది, అక్కడ రేడియో సెట్టు (మేం రిగ్ అంటాం) పెట్టి ఇక్కణ్ణుంచి నడపొచ్చా అని. నేను నాలుగేళ్ళుగా చేస్తున్నది అదే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే వదిలేస్తున్నాను. కుక్కర్ గ్యాస్కెట్ గురించి అడిగినాయన ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటాం. 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) పెడితే సిగ్నల్ మీటరు మీద ఎస్9 దాకా రొద తప్ప ఏమీ వినపడదు. అసోసియేషన్ వాళ్ళు టెర్రస్ మీద చిన్న వైరు కూడా కట్టనివ్వడం లేదు. మదనపల్లె దగ్గర పల్లెలో అమ్మానాన్నల ఇల్లుంది, పెరట్లో రెండు కొబ్బరిచెట్లున్నాయి. రిగ్ అక్కడ పెట్టి ఇక్కణ్ణుంచి మాట్లాడాలంటే ముందుగా ఏం కొనాలి?

జవాబు: ముందు కొనాల్సింది స్విచ్చి. నవ్వకండి, కథ తర్వాత చెప్తాను.

మీకు అక్కడ దొరికే లాభం ఎంతో మొదట చూడండి. ఒక్కో ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. మీ ఫ్లాట్లో ఎస్9 ఉన్న రొద పల్లెలో ఎస్2కి దిగితే ఏడు యూనిట్లు, అంటే 42 డెసిబెల్స్. ఏ లీనియర్ యాంప్లిఫయర్ కొన్నా ఇది రాదు, ఎందుకంటే అది మీ గొంతు పెంచుతుందే గానీ మీ చెవిలో దూది తియ్యదు. అపార్ట్‌మెంట్లో ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫోన్ చార్జర్లు, లిఫ్ట్ మోటారును నడిపే ఇన్వర్టర్, టెర్రస్ మీది సోలారు, అన్నీ కలిసి పాడే కచేరీ అది. ఒకరితో పోట్లాడి ఆపించగలిగింది కాదు. పల్లెకు పోవడమే సరైన ఆలోచన.

యాంటెన్నా సంగతి తేలిక. 40 మీటర్లకు సగం తరంగం పొడవు తీగ, సుమారు 20 మీటర్లు, రెండు కొబ్బరిచెట్ల మధ్య. చివర్నుంచి ఫీడ్ చేసేదైతే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ (తీగకూ కేబులుకూ జత కుదిర్చేది) ఇంటివైపు చెట్టుకు కట్టుకుంటే కోయాక్స్ (రిగ్‌కు పోయే కేబుల్) పొడవు తగ్గుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, గాలికి కొబ్బరిచెట్టు ఊగినంతగా మన తీగ సాగదు. ఒక చివర కప్పీ పెట్టి, దాని మీదుగా తాడు వేసి, కిందికి ఇసుక నింపిన డబ్బా వేలాడదియ్యండి. చెట్టు అటు వంగితే డబ్బా పైకెళ్తుంది, ఇటొస్తే దిగుతుంది. బావి దగ్గర పెరిగినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రిగ్ విషయంలో, యూఎస్‌బీ పోర్టులోంచి ఆడియో కూడా ఇచ్చే ఈ కాలపు రిగ్ ఏదైనా చాలు. ఒకే కేబుల్లో కంట్రోలూ వస్తుంది, ఆడియో కూడా వస్తుంది. దాని పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ (ఇకమీద ఉత్త 'పై'), దాంట్లో రిగ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, హామ్‌లిబ్ గానీ డబ్ల్యూఎఫ్‌వ్యూ సర్వర్ గానీ. రెండూ ఉచితం. ఇవన్నీ వీడియోలు చూసి ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతాయి. వీడియోల్లో చూపించనిది ఇప్పుడు చెప్తాను.

మొదటి ఏడాది నా ఏర్పాటు ఇలా ఉండేది. రిగ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ మీద, పై మాత్రం గోడ ప్లగ్గు అడాప్టర్ మీద. ఒక రాత్రి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) చూసుకోవడానికి రిగ్‌ను ఆర్‌టీటీవై (రేడియో టెలిప్రింటర్) మోడ్‌లో పెట్టి 20 వాట్లు ఇచ్చాను, పనయ్యాక మోడ్ మార్చడం మర్చిపోయి లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. తెల్లారి ఊళ్ళో కరెంటు పోయి ఒక నిమిషంలో వచ్చింది. బ్యాటరీ ఉంది కాబట్టి రిగ్ ఆరలేదు, కానీ పై ఆగి మళ్ళీ లేచింది. లేస్తూనే నేను రాసుకున్న ప్రోగ్రాం సీరియల్ పోర్టు తెరిచింది. లినక్స్‌లో పోర్టు తెరవగానే ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే రెండు తీగలు వాటంతటవే పైకి లేస్తాయి. నేను పీటీటీని (ట్రాన్స్‌మిట్ మొదలుపెట్టే మీటను) ఆర్‌టీఎస్‌కు కట్టి పెట్టాను. ఇంకేముంది, ఎవరూ లేకుండానే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్ళిపోయింది. ఆర్‌టీటీవై కదా, మాట లేకపోయినా పూర్తి బలంతో క్యారియర్ తరంగం పోతూనే ఉంటుంది.

నేనా, సిల్క్ బోర్డు దగ్గర బస్సులో. అమ్మ ఫోన్ చేసింది. "ఏం నాయనా, పొద్దున్నే మాట్లాడతా ఉండావా? నీ పెట్టెలో ఫ్యాను ఊరికే తిరగతా ఉంది" అంది. నాకు చెమటలు పట్టాయి. ఫోన్లోంచి లాగిన్ అవుదామంటే అంతకుముందే కరెంటు పోయినప్పుడు ఆగిన ఇంటర్నెట్ ఇంకా రాలేదు. బ్యాటరీ కనెక్టర్ లాగెయ్యమ్మా అన్నాను. ఆమె ఆ ఎర్ర, నల్ల వైర్లు చూసి ముట్టుకోనంది, తప్పు ఆమెది కాదు, చిన్నప్పట్నుంచి వైర్లు ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది నేనే. చివరికి పక్కింటి కుర్రాడు స్కూలుకు పోతూ వచ్చి లాగాడు. అప్పటికి ఇరవై అయిదు నిమిషాలు. 40 మీటర్ల మీద పొద్దుటి పూట నెట్ (గాలిలో అందరూ కలిసి మాట్లాడుకునే సమావేశం) నడుపుకునే పెద్దలు ఆ రోజు నన్ను ఏమనుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మరి రిగ్‌లో టైమవుట్ టైమర్ పెట్టుకోలేదా అని మీరు అడుగుతారు. పెట్టాను, 3 నిమిషాలకు. అది కంప్యూటర్ ఆదేశంతో మొదలైన ట్రాన్స్‌మిషన్‌నే లెక్కపెడుతుంది, పీటీటీ తీగ లేస్తే దాన్ని పట్టించుకోదు. మాన్యువల్లో ఆ ముక్క ఉంది. నేను చదివింది ఆ తర్వాత.

అందుకని నా మాట వినండి. దూరాన్నుంచి మాట్లాడటం ఎలాగో తర్వాత నేర్చుకోవచ్చు, దూరాన్నుంచి నోరు మూయించడం ఎలాగో ముందు తేల్చుకోండి. అదీ ఒక దారిలో కాదు, ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు దారుల్లో. పీటీటీని తీగకు కట్టకండి, ఆదేశం ద్వారానే ఇవ్వండి, అప్పుడు టైమర్ పనికొస్తుంది. పై కూడా అదే బ్యాటరీ మీద ఉండాలి. నా లాప్‌టాప్ నుంచి పదిసెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే పై తనంతట తానే పీటీటీ దించేసేలా చిన్న స్క్రిప్టు రాసుకున్నాను, హామ్‌లిబ్‌లో అది ఒకే ఒక్క ఆదేశం.

ఇక అసలుది. మన రైతులు ఈ పని మనకంటే ఎంతో ముందే మొదలుపెట్టారు. రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు ఇస్తే చీకట్లో చేను దాకా పోలేక, బోరు మోటారుకు సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్ పెట్టుకుని మంచం మీంచే ఫోన్ కొట్టి మోటారు వేస్తారు, ఆపుతారు. మా పక్క చేనాయన దగ్గర అది చూసే నాకు బుద్ధొచ్చింది. అలాంటిదే చిన్న జీఎస్‌ఎం రిలే బోర్డు, దానికి కారు హెడ్‌లైట్లకు వాడే 40 ఆంపియర్ల రిలే తగిలించి, బ్యాటరీ నుంచి రిగ్‌కు వెళ్ళే పాజిటివ్ తీగలో పెట్టాను. 100 వాట్ల రిగ్ ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్లు దాటి లాగుతుంది, అందుకే అంత రిలే. సిమ్ మాత్రం ఇంటి ఇంటర్నెట్ కంపెనీది కాకుండా వేరేది వెయ్యండి. ఇంకోటి, ఆ బోర్డుకు కరెంటు రిలేకు ముందు నుంచి తీసుకోవాలి. నేను మొదటిసారి రిలే తర్వాత నుంచి ఇచ్చాను, ఆపడం బ్రహ్మాండంగా పనిచేసింది, మళ్ళీ వెయ్యడానికి బస్సెక్కి ఊరెళ్ళాను.

బోర్డులు, రిలేలు, ఫెరైట్లు (వైర్లలో రొద ఆపే రింగులు) అన్నీ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. 12 వోల్టుల్ని 5 చేసే చవక కన్వర్టర్ మాత్రం చూసి కొనండి, వాటిలో చాలావరకు మన 40 మీటర్ల బ్యాండ్ ఉన్న హెచ్‌ఎఫ్‌లో రొద పెట్టేవే. లేకపోతే ఇక్కడి గోలను మూటగట్టి ఊరికి మోసుకెళ్ళినట్టవుతుంది.

ప్రశ్న: కుప్పం దగ్గర మా ఇంట్లో ఫైబర్ ఉంది. రూటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ అంతా సరిగ్గానే పెట్టాను. ఇంట్లో ఉన్నప్పుడు పనిచేస్తుంది, బెంగళూరు రాగానే కనెక్ట్ కాదు. రూటర్ పాడైందా?

జవాబు: రూటర్ బాగానే ఉంది. దాని స్టేటస్ పేజీలో వ్యాన్ (డబ్ల్యూఏఎన్) అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేదని అర్థం. కంపెనీ వాళ్ళు వందల ఇళ్ళను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనకాల పెట్టారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి ఒకే పోస్టు డబ్బా ఉన్నట్టు, మీ ఇంటి తలుపు ఎంత బార్లా తీసినా గేటు దగ్గరే ఉత్తరం ఆగిపోతుంది.

దారేంటంటే, లోపల్నుంచి బయటికి వచ్చే కనెక్షన్. వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ ప్రోగ్రాం పైలోనూ లాప్‌టాప్‌లోనూ వేసుకుంటే రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, పోర్టు తెరిచే పనే ఉండదు. నిజానికి మీకు పబ్లిక్ అడ్రస్ ఉన్నా నేను ఇదే చెప్పేవాణ్ణి. హామ్‌లిబ్ సర్వర్ 4532 పోర్టులో వింటుంది, మామూలుగా పాస్‌వర్డ్ అడగదు. దాన్ని ఊరందరికీ తెరిచి పెట్టడమంటే మీ కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే స్టేషన్ పేరు) మీద పీటీటీ నొక్కే హక్కు దారినపోయే దానయ్యకు ఇచ్చినట్టే.

ప్రశ్న: మాట ఆలస్యంగా వస్తోంది, ఒక్కోసారి తునకలు తునకలుగా. మోర్స్ అయితే అసలు కుదరడం లేదు, ప్యాడిల్ (మోర్స్ కొట్టే మీట) నొక్కిన చాలాసేపటికి శబ్దం వినపడి చెయ్యి తడబడుతోంది. ఇంకా వేగంగా ఉండే ప్లాన్ తీసుకోవాలా?

జవాబు: వద్దు, డబ్బు దండగ. టెలిఫోన్ నాణ్యత ఆడియోకు 64 కేబీపీఎస్ చాలు, గంటసేపు విన్నా 30 ఎంబీ కూడా కాదు. ఓపస్ కోడెక్ పెడితే అందులో మూడోవంతుకు దిగుతుంది. మీకు కావాల్సింది వేగం కాదు, నిలకడ. ముందు పై నుంచి రూటర్‌కు వైఫై తీసేసి కేబుల్ వెయ్యండి. నా దగ్గరైతే తునకలు సగం అక్కడే పోయాయి. తర్వాత బఫర్ 150 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి తునకలు రానంతవరకు తగ్గించుకుంటూ పొండి. సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడుకోవడానికి కాస్త ఆలస్యం ఏమీ చెయ్యదు.

మోర్స్ సంగతి వేరు. మీ ప్యాడిల్ శబ్దం ఊరెళ్ళి తిరిగి రావాలని చూడకండి, సైడ్‌టోన్ (నొక్కుతుంటే మీకు వినపడే కూత) మీ లాప్‌టాప్‌లోనే పుట్టాలి. లేదా అక్షరాలు టైపు చేసి పంపితే రిగ్‌లోని కీయర్ వాటిని అక్కడే చుక్కలు, గీతలు చేస్తుంది. నేను రెండోదే చేస్తాను, ప్యాడిల్ పట్టిన చేతికి ఇది కాస్త చప్పగా ఉంటుందనేది నిజమే. ఎఫ్‌టీ8 (కంప్యూటర్లే పొట్టి సందేశాలు మార్చుకునే మోడ్) అయితే మరీ సుఖం. దాని ప్రోగ్రాం పైలోనే నడపండి, మీరు స్క్రీన్ మాత్రం ఇక్కణ్ణుంచి చూడండి. 15 సెకన్ల వంతులు కదా, ఆడియో బెంగళూరు దాకా వచ్చి పోవాల్సిన పనే లేదు. పై గడియారం ఇంటర్నెట్‌తో సరిచూసుకుంటోందో లేదో మాత్రం గమనించండి. గడియారం రెండు సెకన్లు తప్పితే వాటర్‌ఫాల్ (సిగ్నళ్ళు కనపడే తెర) నిండా గీతలే, ఒక్కటీ డీకోడ్ కాదు.

ప్రశ్న: నాకు డెబ్బై ఒకటి. వాల్వులతో సెట్లు కట్టుకున్నవాణ్ణి. ఇంటర్నెట్ ఉంటే ఫోన్లోనే మాట్లాడొచ్చు కదా, మధ్యలో ఈ రేడియో ఎందుకు? ఇది హామ్ రేడియో ఎట్లా అవుతుంది? (జయనగర్ నుంచి)

జవాబు: అయ్యా, మీ కోపం నాకు అర్థమవుతుంది, మా గురువుగారు కూడా ఇదే అన్నారు. నా లెక్క ఒక్కటే. ఊళ్ళో యాంటెన్నా నుంచి ఆస్ట్రేలియాలో యాంటెన్నా దాకా ఉన్నది ఐనోస్ఫియర్ తప్ప ఇంకేమీ కాదు. ఫేడింగ్ అదే, గ్రేలైన్ (పగలూ రాత్రీ కలిసే గీత) అదే, పొద్దు గూకే వేళ బ్యాండ్ తెరుచుకుంటే ఒళ్ళు జలదరించడమూ అదే. ఇంటర్నెట్ నా మైకు తీగ, కాస్త పొడుగైంది అంతే. అవతలివాళ్ళు కూడా ఇంటర్నెట్ మీదే ఉండి, మధ్యలో రేడియో తరంగమే లేకపోతే అప్పుడు మీ మాటే నెగ్గుతుంది.

కానీ ఒక నిజాయతీ పాటించాలి. గ్రిడ్ (చోటును చెప్పడానికి హామ్‌లు వాడే కోడ్) చెప్పేటప్పుడు స్టేషన్ ఎక్కడుందో అదే చెప్పాలి. నేను కూర్చున్నది బెంగళూరు ఎంకే82లో అయినా, ఎంకే93 అనే చెప్తాను, తరంగం బయలుదేరింది మదనపల్లె పక్కనుంచి కదా. ఎవరైనా అడిగితే రిమోట్ అని దాచకుండా చెప్తాను. ఎవరిదో ఖండాంతరంలో ఉన్న స్టేషన్ అద్దెకు తీసుకుని, సొంత యాంటెన్నాతో పట్టినట్టు, మాట్లాడినందుకు రుజువుగా వచ్చే కార్డులు పోగేసుకునేవాళ్ళ మీద మీకు ఎంత చిరాకో నాకూ అంతే. ఓసారి మా ఇంటికి రండి, హెడ్‌ఫోన్ పెట్టి వినిపిస్తాను.

ప్రశ్న: నాది వీయూ3 (రెస్ట్రిక్టెడ్ గ్రేడ్) కాల్‌సైన్, లైసెన్స్‌లో చిరునామా మారతహళ్ళిది. స్టేషన్ ఆంధ్రలో పెడితే గొడవవుతుందా? మా బావమరిదికి కూడా లాగిన్ ఇవ్వొచ్చా?

జవాబు: బావమరిదికి లైసెన్స్ ఉందా? లేకపోతే వినడానికి తప్ప ఇవ్వకండి, పండక్కి అలిగినా సరే. మీ కాల్‌సైన్ మీద పోయే ప్రతి మాటకూ బాధ్యత మీదే.

చిరునామా విషయం తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో అమెచ్యూర్ నిబంధనలు 1978లో వచ్చాయి, తర్వాత సవరణలు జరిగినా వాటి పునాది ఆపరేటర్ సెట్టు ముందు కూర్చునే కాలానిది. లైసెన్స్ మీద స్టేషన్ చిరునామా ఉంటుంది. స్టేషన్ వేరే ఊళ్ళో ఉన్నప్పుడు ఆ ఊరి చిరునామా డబ్ల్యూపీసీ (లైసెన్స్ ఇచ్చే కేంద్ర విభాగం) వారి రికార్డులో ఉండాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో మీ ఖాతా ద్వారానే మొదలుపెట్టండి. దాంతోపాటు రిమోట్‌గా నడపబోతున్నానని, ఆపే ఏర్పాట్లు ఇవీ అని రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా రిమోట్‌లో వినండి, ఊరెళ్ళినప్పుడు అక్కడ కూర్చుని మాట్లాడండి. క్లబ్బులో ఎవరో పర్లేదన్నారని మొదలుపెట్టకండి, రేపు అడిగేది క్లబ్బును కాదు.

వీయూ3 కాబట్టి 50 వాట్లే అని మరో ఉత్తరంలో బాధపడ్డారు మీరే అనుకుంటా. 100కీ 50కీ తేడా 3 డెసిబెల్స్, అంటే అర ఎస్ యూనిట్. అవతలివాళ్ళు గమనించను కూడా గమనించరు.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో ఏడాది, ఎలక్ట్రానిక్ సిటీలో హాస్టల్. లైసెన్స్ లేదు, డబ్బుల్లేవు. ఇప్పుడే ఏమైనా వినొచ్చా?

జవాబు: వినొచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో వినే రేడియో రిసీవర్) బ్రౌజర్లో తెరువు, 2008లో మొదలైంది, వందలమంది ఒకేసారి ఎవరికి కావాల్సిన ఫ్రీక్వెన్సీ వాళ్ళు తిప్పుకుంటారు. రాత్రి భోజనం చేసి 40 మీటర్లు పెట్టు, యూరప్ అంతా పోట్లాడుకుంటూ ఉంటుంది. నెల రోజులు విన్నాక పరీక్షకు కట్టు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో పిడుగులెక్కువ. ఎవరూ చూసుకోని గదిలో రిగ్ ఉంటే భయం. రిలేతో యాంటెన్నా కట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. రిలేలో కాంటాక్టుల మధ్య ఖాళీ ఒకటి రెండు మిల్లీమీటర్లు. మేఘం నుంచి కిలోమీటర్లు దాటి వచ్చినదానికి అదొక లెక్కా? దగ్గర్లో పడ్డ పిడుగుకు తీగలో పుట్టే చిన్న దెబ్బల నుంచి కాస్త కాపాడుతుంది, అంతవరకే. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (ఎక్కువ వోల్టేజీని భూమిలోకి మళ్ళించేది) పెట్టి, దాన్ని రాగి కడ్డీతో భూమికి కలపండి, ఆ ఎర్తునూ ఇంటి ఎర్తునూ మందపాటి తీగతో ఒకటి చెయ్యండి. వేరువేరుగా వదిలేస్తే రెంటి మధ్య తేడా మీ రిగ్ గుండానే పోతుంది. ఇంటర్నెట్ ఫైబర్ అయితే ఒక దిగులు తగ్గినట్టే, గాజు తీగలో కరెంటు రాదు, దాని అడాప్టర్ మాత్రం ప్లగ్గులోనే ఉంటుందని మర్చిపోవద్దు.

ఇంత చేసినా, కోయాక్స్ పీకి కిటికీ బయట పడెయ్యడాన్ని మించింది లేదు. ఎండాకాలం చివరి వానలప్పుడు నేను రోజూ రాత్రి దాన్ని తీసే ఉంచమంటాను, మాట్లాడాలనుకున్నప్పుడే తగిలించమని ఫోన్ చేస్తాను. ముందు మామూలు మర కనెక్టర్ ఉండేది, అమ్మ వేళ్ళకు కీళ్ళ నొప్పులు, తిప్పలేకపోయేది. దాని మీద నొక్కితే పట్టుకుని లాగితే వచ్చే అడాప్టర్ తొడిగాను. పక్కనే గోడకు, చెయ్యి అందే ఎత్తులో, బ్యాటరీ తీగలో పెద్ద ఎర్ర స్విచ్చి. ఫ్యాను ఊరికే తిరిగితే నన్ను అడక్కుండా కొట్టెయ్యమన్నాను, ఇప్పటికి రెండుసార్లు కొట్టింది, రెండుసార్లూ నేను నిజంగానే మాట్లాడుతున్నాను.

పిడుగుల విషయంలో మాత్రం ఆమెకు వాతావరణ శాఖ అక్కర్లేదు. మల్లయ్యకొండ వైపు మబ్బు పట్టిందంటే ముందు మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తుతుంది, తర్వాత బర్రెను కొట్టంలో కట్టేస్తుంది, ఆ తర్వాత వచ్చి నా యాంటెన్నా పీకుతుంది. వరుస మార్చమని నేనింకా అడగలేదు.